వేలు పెట్టకుండా తెరను తాకడం: ఆటోమేషన్ పనిముట్లకు వివరణ పత్రాలు రాసే తీరు

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటి దగ్గరే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు హాజరైన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం.)

సభకు నమస్కారం.

మొబైల్ ఫోను తెరను మనిషి వేలు లేకుండానే తాకినట్టు చేసే పనిముట్లు మీలో చాలామందికి కొత్త కాదు. టెస్టింగ్ ఉద్యోగాల్లో ఉన్నవారు వాటిని రోజూ వాడుతున్నారు, ప్రాజెక్టు పనిలో ఉన్న విద్యార్థులు కనీసం ఒకసారైనా వాడి ఉంటారు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది వాటి వాడకం గురించి కాదు, వాటికి వివరణ పత్రాలు రాయడం గురించి. ఈ పనిముట్లలో కమాండు రాయడానికి ఒక పంక్తి చాలు. ఆ పంక్తి ఏ తెరను, ఏ వ్యవధిని, ఏ అనుమతిని, అంతకుముందు ఫోను ఉన్న ఏ స్థితిని మనసులో పెట్టుకుని రాసిందో చెప్పడానికి మాత్రం ఒక పేజీ కావాలి. మనం పంక్తి రాసి ఊరుకుంటున్నాం, పేజీ రాయడం లేదు. నా ఫిర్యాదు అంతా ఇదే, నా ప్రసంగం కూడా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం. రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే ఒక యాప్ ఉందనుకోండి. రోజువారీ మేత, చెక్ ట్రే (మేత మిగిలిందో లేదో చూసే పళ్లెం) పరిశీలన, విసురు వలతో తీసిన శాంపిల్ బరువు అందులో ఎక్కిస్తారు. తెర అడుగున ‘నమోదు చేయి’ అనే బొత్తం ఉంది. ఆ బొత్తాన్ని నొక్కించడానికి పత్రంలో ఎవరో ఇలా రాశారు: “ఏడీబీ షెల్‌లో ఇన్‌పుట్ ట్యాప్ 540 1720 అని ఇవ్వండి.” ఏడీబీ అంటే ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే వంతెన. ఆ రెండు సంఖ్యలు తెర మీద బిందువు నిరూపకాలు: ఎడమ అంచు నుంచి 540 పిక్సెళ్లు, పై అంచు నుంచి 1720 పిక్సెళ్లు. రాసిన మనిషి ఫోనులో అది చక్కగా పనిచేసింది, ఎందుకంటే ఆ తెర 1080 అడ్డం, 1920 నిలువు ఉంది. అదే పంక్తిని 720 అడ్డం, 1600 నిలువు ఉన్న చవక ఫోనులో నడిపితే 1720 అనే ఎత్తు ఆ తెరలో లేనే లేదు. ఆ తాకిడి తెర బయట ఎక్కడో పడుతుంది. కమాండు మాత్రం ఏ ఫిర్యాదూ చేయకుండా, ఒక్క అక్షరం కూడా ముద్రించకుండా ముగిసిపోతుంది. చదివినవాడు పని అయిందనుకుంటాడు, చెరువు లెక్క ఎక్కదు.

గోదావరి వరదల కాలంలో మనందరం వినే సంఖ్యలను ఒకసారి తలచుకోండి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరంలో అదే మొదటి హెచ్చరికను 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. రెండూ అడుగులే, రెండూ ఒకే నది. కానీ ఏ గేజీ దగ్గర చదివిన సంఖ్యో చెప్పకుండా “నీళ్లు పన్నెండు అడుగులు ఉన్నాయి” అంటే లంకలో ఉన్నవాడు సామాను సర్దుకోవాలో, నిశ్చింతగా పడుకోవాలో తేల్చుకోలేడు. తెర కొలత చెప్పని నిరూపకాలు కూడా గేజీ పేరు లేని నీటిమట్టం లాంటివే.

కనుక నిరూపకాలు రాసిన ప్రతి చోటా, అవి ఏ తెర మీద తీసుకున్నవో పక్కనే రాయాలి. డబ్ల్యూఎమ్ సైజ్ అనే ఆదేశం తెర కొలతను, డబ్ల్యూఎమ్ డెన్సిటీ అనేది సాంద్రతను, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో, చెబుతాయి. ఈ రెండు ఫలితాలనూ పత్రం మొదట్లోనే చదువరి చేత తీయించి, పత్రంలో ఉన్న విలువలతో పోల్చుకోమని చెప్పాలి. సాంద్రత ఎందుకంటే, ఆండ్రాయిడ్ తన తెర మీద వస్తువుల పరిమాణాన్ని పిక్సెళ్లలో కాక డీపీ అనే సాంద్రతకు లోబడని కొలతలో లెక్కిస్తుంది. అంగుళానికి 160 చుక్కలు ఉన్న తెర మీద ఒక డీపీ ఒక పిక్సెల్‌తో సమానం. వేలితో తాకదగ్గ వస్తువు కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆ 48 డీపీ అనేది 320 సాంద్రత ఉన్న తెర మీద 96 పిక్సెళ్లు, 480 సాంద్రత ఉన్న తెర మీద 144 పిక్సెళ్లు అవుతుంది. అందువల్ల తెర కొలత ఒక్కటే అయినా, వాడుకరి అక్షరాల పరిమాణాన్నో, ప్రదర్శన పరిమాణాన్నో పెంచుకుంటే బొత్తం తన చోటు మార్చుకుంటుంది. కళ్లజోడు మరిచిపోయి వచ్చిన పెద్దవాళ్ల ఫోన్లలో ఇది ప్రతిరోజూ కనిపించే సంగతే.

ఐఫోనుల సంగతి వేరు. అక్కడ ఏడీబీ లాంటి సులభమైన దారి లేదు. 2015లో ఆపిల్ సంస్థ ఎక్స్‌కోడ్ 7తో తెచ్చిన ఎక్స్‌సీయూఐటెస్ట్ అనే పరీక్షా పనిముట్టు ద్వారా వెళ్లాలి, అందుకు మ్యాక్ కంప్యూటరు కావాలి. అక్కడి నిరూపకాలు పిక్సెళ్లు కావు, పాయింట్లు. ఐఫోన్ 12 తెర 1170 అడ్డం, 2532 నిలువు పిక్సెళ్లు ఉన్నా, యాప్‌కు అది 390 అడ్డం, 844 నిలువు పాయింట్లుగానే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద చుక్క పెట్టి, ఆ సంఖ్యను నేరుగా పత్రంలోకి ఎక్కించినవాడు మూడు రెట్లు దూరంలో తాకిస్తున్నాడన్న మాట. ఇక్కడ పత్రం చెప్పవలసింది ఒకే వాక్యం: ఈ సంఖ్యలు పాయింట్లలో ఉన్నాయి. ఆ వాక్యం లేని పత్రాలే నాకు ఎక్కువగా ఎదురవుతుంటాయి.

నిరూపకాలతో ఇంత చిక్కు ఉన్నప్పుడు వాటిని వదిలేసి, బొత్తాన్ని దాని గుర్తింపుతోనే పట్టుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 2012లో వచ్చిన యూఐ ఆటోమేటర్, అదే ఏడాది మొదలైన అప్పియం, ఇంకా ఇటీవలి పనిముట్లు ఆ పద్ధతినే ప్రోత్సహిస్తాయి. యూఐ ఆటోమేటర్ డంప్ అనే ఆదేశం ఆ క్షణంలో తెర మీద ఉన్న ప్రతి వస్తువునూ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాసిపెడుతుంది: దాని పాఠం (దాని మీద కనిపించే అక్షరాలు), రిసోర్స్ ఐడీ (యాప్ రాసినవాడు దానికి పెట్టిన లోపలి పేరు), హద్దులు. మన ‘నమోదు చేయి’ బొత్తం హద్దులు అందులో 90, 1660 నుంచి 990, 1780 వరకు అని కనిపిస్తాయి. వాటి నడిమధ్య తీస్తే వచ్చేదే ఆ 540, 1720. అంటే ఆ సంఖ్యలు ఆకాశం నుంచి ఊడిపడలేదు, వాటికి ఒక పుట్టుక ఉంది. నిరూపకాలు వాడక తప్పని చోట కనీసం ఆ పుట్టుకనైనా పత్రంలో చూపిస్తే, వేరే ఫోను ఉన్న చదువరి తన సంఖ్యలను తానే తీసుకోగలడు.

అయితే వస్తువును పాఠం ఆధారంగా పట్టుకోవడంలో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఒక గొయ్యి ఉంది. ఇంగ్లిషులో రాసిన ఏ పనిముట్టు పత్రంలోనూ నేను దాని ప్రస్తావన చూడలేదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ‘మార్కెట్ ధర’ అనే బొత్తాన్ని వెతకమని స్క్రిప్టులో రాశాం. బొత్తం తెర మీద కళ్లెదుటే ఉంది, పనిముట్టు మాత్రం దొరకలేదంటుంది. కారణం, యాప్ రాసినవాడి కీబోర్డు ‘మార్కెట్’ చివర పొల్లు తరువాత కంటికి కనపడని ఒక అక్షరాన్ని చేర్చింది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఆపడానికి అది అవసరం. పదం చివర, ఖాళీకి ముందు మాత్రం అది ఉన్నా లేకున్నా అచ్చు ఒకేలా కనిపిస్తుంది. కంటికి ఒకటే, యంత్రానికి రెండు వేరు వేరు పాఠాలు. ఇంకొకటి: ‘రైతు’ అన్న మాటలో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండుగానూ నిల్వ చేయవచ్చు. ఈ రెండింటినీ సమానంగా చూడాలని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది, కానీ అక్షరానికి అక్షరం పోల్చే పనిముట్టుకు ఆ సంగతి పట్టదు. కనుక తెలుగు యాప్‌ల కోసం రాసే పత్రంలో, వస్తువును పాఠంతో కాక రిసోర్స్ ఐడీతో వెతకమని గట్టిగా చెప్పండి. పాఠంతోనే వెతకవలసి వస్తే, ఆ పాఠాన్ని చేత్తో టైపు చేయవద్దనీ, డంప్ ఫైలు నుంచి కాపీ చేసుకొమ్మనీ చెప్పండి.

పాఠం ఎక్కించడంలో కూడా ఇలాంటిదే మరొకటి ఉంది. ఇన్‌పుట్ టెక్స్ట్ అనే ఆదేశానికి ‘భీమవరం’ అని తెలుగులో ఇచ్చి చూడండి, అది తప్పు చూపించి ఆగిపోతుంది. ఆ ఆదేశం అక్షరాలను అక్షరాలుగా పంపదు. ప్రతి అక్షరానికీ ఒక ఊహాత్మక కీబోర్డులో ఏ మీట నొక్కాలో వెతికి, ఆ మీటను నొక్కినట్టు చేస్తుంది. ఆ కీబోర్డులో తెలుగు అక్షరాలకు మీటలు లేవు. ఈ కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పిన పత్రం చదువరికి రోజుల తరబడి వెతుకులాట తప్పిస్తుంది. “తెలుగు పనిచేయదు” అని మాత్రమే రాసిన పత్రం అతని చేత ఫాంట్లు మార్పిస్తుంది, భాష సెట్టింగులు మార్పిస్తుంది, చివరికి ఫోనును రీసెట్ చేయిస్తుంది. కారణం చెప్పాక దారి చెప్పాలి. బ్రాడ్‌కాస్ట్ సందేశం ద్వారా పాఠాన్ని అందుకునే ఏడీబీ కీబోర్డ్ అనే ఓపెన్ సోర్స్ కీబోర్డు యాప్‌ను ఫోనులో పెట్టుకోవడం ఒక దారి. యూఐ ఆటోమేటర్‌లో సెట్‌టెక్స్ట్ వాడటం మరో దారి. కానీ ఈ రెండో దారిలో పాఠం మొత్తం ఒక్కసారిగా గడిలో కూర్చుంటుంది, ఒక్కొక్క అక్షరం టైపు అయినట్టు ఉండదు. అక్షరం అక్షరానికీ సూచనలు చూపించే వెతుకుడు గడిని పరీక్షిస్తున్నవాడికి ఈ తేడా ప్రాణం. పత్రం ఆ తేడాను దాచకూడదు.

ఇక కాలం సంగతి. స్పర్శకు చోటు ఎంత ముఖ్యమో వ్యవధి అంతే ముఖ్యం, కానీ పత్రాల్లో ఎక్కువగా ఎగిరిపోయేది వ్యవధే. రొయ్యల ధరల పట్టికనే తీసుకుందాం. ధర కౌంటును బట్టి ఉంటుంది, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను బట్టి. కౌంటు తగ్గిన కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. యాప్‌లో 100 కౌంటు నుంచి 30 కౌంటు వరకు ఒక పొడవాటి జాబితా ఉంది. దాన్ని పైకి జరపడానికి పత్రంలో ఇన్‌పుట్ స్వైప్ 540 1500 540 500 (వేలు ఆనే బిందువు, తరువాత లేచే బిందువు) అని రాశారు, వ్యవధి రాయలేదు. రాయకపోతే ఆ ఆదేశం 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. వెయ్యి పిక్సెళ్ల దూరాన్ని అంత తక్కువ సమయంలో దాటితే ఆండ్రాయిడ్ దాన్ని లాగడంగా కాక విసరడంగా లెక్కిస్తుంది. వేలు ఎత్తేసిన తరువాత కూడా జాబితా కొంతసేపు దొర్లుతూనే ఉంటుంది. అదే ఆదేశం చివర 2000 అని చేర్చితే, రెండు సెకన్ల పాటు నింపాదిగా లాగినట్టవుతుంది, జాబితా వేలు ఎత్తిన చోటికి దగ్గరగా నిలుస్తుంది. నిరూపకాలు అవే, ఫలితాలు వేరు. 60 కౌంటు వరుస మీద పడవలసిన తరువాతి తాకిడి 40 కౌంటు మీద పడుతుంది. ఆ పరీక్ష పాస్ అయిందా, ఫెయిల్ అయిందా అని పట్టికలో రాసేవాడికి ఎక్కడ బెసికిందో అంతు పట్టదు.

నొక్కి పట్టడం కూడా ఇలాంటిదే. ఇన్‌పుట్ ఆదేశంలో నొక్కి పట్టడానికి వేరే మాట లేక, మొదలు, చివర ఒకే బిందువుగా పెట్టి స్వైప్‌ను ఎక్కువ సేపు నడపడం చాలాకాలంగా అందరూ వాడుతున్న ఉపాయం. ఎంతసేపు అన్నది ప్రశ్న. ఆండ్రాయిడ్‌లో మామూలు తాకిడిని నొక్కి పట్టడం నుంచి వేరు చేసే హద్దు చాలాకాలం 500 మిల్లీసెకన్లు ఉండేది, తరువాతి వెర్షన్లలో 400 అయింది. పైగా వాడుకరి తన యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో దాన్ని పెంచుకోవచ్చు. చేతులు వణికే వాళ్లు పెంచుకుంటారు కూడా. కాబట్టి 600 అని పత్రంలో రాసి వదిలేయడం కన్నా, హద్దు ఇంత, అది మారవచ్చు, అందుకే ఇక్కడ 1500 తీసుకున్నాం అని రాయడం మేలు. సంఖ్య వెనుక తర్కం కనిపిస్తే చదువరి తన ఫోనుకు తగ్గట్టు దాన్ని మార్చుకోగలడు.

పాత పత్రాలు తమంతట తాము తప్పుడు పత్రాలుగా మారిపోయే తీరుకు కూడా స్వైపే మంచి ఉదాహరణ. పక్క నుంచి మెనూ తెరవడానికి ఎడమ అంచున, 5 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి కుడికి లాగమని ఎన్నో పత్రాలు చెప్పాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 పూర్తి సంజ్ఞలతో నడిచే నావిగేషన్‌ను తెచ్చింది. అందులో అంచు నుంచి లోపలికి లాగితే వెనక్కి వెళ్లమని అర్థం. అప్పటి నుంచి అదే స్వైప్ మెనూ తెరవడానికి బదులు యాప్‌ను వెనక్కి నెట్టేస్తోంది. పత్రంలో ఒక్క అక్షరం మారలేదు, దాని కింద నేల మారింది. అందుకే ప్రతి పేజీ అడుగున ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో, పనిముట్టు ఏ వెర్షన్‌తో, ఏ తేదీన పరీక్షించారో రాయమని నేను పట్టుబడతాను. అప్పియం విషయంలో ఇది మరీ అవసరం. 2018 జూన్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, అప్పియం అనుసరించే వెబ్‌డ్రైవర్ ప్రమాణాన్ని సిఫారసుగా ప్రకటించాక, స్పర్శను వేలు ఆనడం, కదలడం, ఆగడం, లేవడం అనే చర్యల వరుసగా చెప్పే పద్ధతి స్థిరపడింది. పాత టచ్‌యాక్షన్ పద్ధతి పక్కకు పోయింది. అయినా మన కళాశాలల ప్రాజెక్టు నివేదికల్లో నేటికీ టచ్‌యాక్షనే కనిపిస్తుంది, ఎందుకంటే పాత నివేదికను చూసి కొత్త నివేదిక రాయడం మన ఆనవాయితీ.

ఇప్పుడు కొంచెం లోతుకు దిగాలి. స్పర్శ ఫోనులోకి ఏ పొర దగ్గర ప్రవేశిస్తుందన్నది పత్రం తప్పక చెప్పవలసిన విషయం. అడుగున లైనక్స్ కెర్నెల్, అంటే ఫోను పరికరాలతో నేరుగా మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం, ఉంది. వేలు తగిలినప్పుడు తెర డ్రైవరు అక్కడ కొన్ని సంఖ్యల వరుసను విడుదల చేస్తుంది. గెట్‌ఈవెంట్ అనే ఆదేశంతో ఆ వరుసను చూడవచ్చు, సెండ్‌ఈవెంట్ అనే ఆదేశంతో అదే వరుసను మళ్లీ పంపవచ్చు. వినడానికి ఎంతో సులువు, చేసేటప్పుడు మొదటిసారే అందరూ బోర్లా పడతారు. గెట్‌ఈవెంట్ తన సంఖ్యలను హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, ముద్రిస్తుంది, సెండ్‌ఈవెంట్ దశాంశంలో తీసుకుంటుంది. అడ్డం నిరూపకానికి గుర్తుగా గెట్‌ఈవెంట్‌లో 35 అని కనిపించేది సెండ్‌ఈవెంట్‌కు 53 అని ఇవ్వాలి, నిలువు నిరూపకానికి 36 అన్నది 54 కావాలి, వేలి గుర్తింపు సంఖ్యకు 39 అన్నది 57 కావాలి. వేలు లేచినప్పుడు ఎనిమిది ‘ఎఫ్’ అక్షరాలు వరుసగా కనిపిస్తాయి, అది రుణ ఒకటికి యంత్రం రాసుకున్న రూపం. చూసింది చూసినట్టు దింపితే 35 అనేది వేరే అర్థంతో వెళుతుంది, తెర మీద ఏమీ జరగదు, తప్పు సందేశమూ రాదు. ఈ ఒక్క సంగతిని పెద్ద అక్షరాలతో పేజీ పైన రాయని సెండ్‌ఈవెంట్ పత్రాన్ని నేను పత్రంగా ఒప్పుకోను.

ఈ పొరలో ఇంకో రెండు చిక్కులున్నాయి. తెర పలక తన సొంత కొలతలో మాట్లాడుతుంది. కొన్ని ఫోన్లలో అది పిక్సెళ్లతో సరిపోతుంది, కొన్నింటిలో 0 నుంచి 4095 వరకు ఉండవచ్చు. గరిష్ఠ విలువ ఎంతో గెట్‌ఈవెంట్‌కు ‘పీ’ అనే ఐచ్ఛికం ఇచ్చి చూసి, నిష్పత్తి కట్టుకోవాలి. రెండోది, ఫోనును అడ్డంగా తిప్పితే ఇన్‌పుట్ ట్యాప్ నిరూపకాలు తెరతో పాటు తిరుగుతాయి, ఎందుకంటే అవి వాడుకరి చూస్తున్న తెరకు సంబంధించినవి. కెర్నెల్ పొరలోని నిరూపకాలు తిరగవు, ఎందుకంటే గాజు పలక తిరిగినా దాని మూలలు అవే. పై పొరలో రాసిన పరీక్షను కింది పొరకు మార్చేవాళ్లకు ఈ సంగతి పత్రంలో కనబడాలి.

వేచి ఉండటం గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. ప్రతి తాకిడి తరువాత మూడు సెకన్లు ఆగమని రాయడం పత్రకారుడి బద్ధకం. తీరప్రాంత గ్రామాల్లో సిగ్నల్ బలహీనపడినప్పుడు మూడు సెకన్లు చాలవు, వైఫై ఉన్న ఆఫీసులో మూడు సెకన్లు దండగ. ఏ వస్తువు కనిపించేవరకు ఆగాలో, గరిష్ఠంగా ఎంతసేపు ఆగాలో చెప్పాలి. ఎవరు ఆగుతున్నారో కూడా చెప్పాలి: ఎస్ప్రెస్సో అనే ఆండ్రాయిడ్ పరీక్షా పనిముట్టు, యాప్ పని ముగిసేవరకు తానే ఆగుతుంది, అప్పియంలో మనం చెప్పకపోతే వెతుకులాట వేచి ఉండే సమయం సున్నా. పరీక్షకు ముందు డెవలపర్ ఐచ్ఛికాల్లో మూడు యానిమేషన్ సెట్టింగులనూ ఆపివేయమని చెప్పడం మరిచిపోకండి.

మంకీ అనే పనిముట్టు గురించి ఒక్క మాట. అది తెర మీద యాదృచ్ఛికంగా తాకుతూ, జరుపుతూ యాప్‌ను వేధిస్తుంది. యాదృచ్ఛికం అని పేరే గాని, సీడ్ సంఖ్య (ఆ యాదృచ్ఛిక వరుసకు మొదలుగా ఇచ్చే సంఖ్య) ఒకటే ఇస్తే ఘటనల వరుస ప్రతిసారీ ఒకటే వస్తుంది. “500 ఘటనలతో మంకీ నడిపితే యాప్ కూలిపోయింది” అని రాసిన లోప నివేదికలో సీడ్ సంఖ్య లేకపోతే, అది మరొకరి చేత మళ్లీ చేయించలేని పని.

అనుమతుల విషయానికి వస్తాను. ఇక్కడ పత్రం రాసేవాడి బాధ్యత సాంకేతికతను దాటి వెళుతుంది. కంప్యూటరు అవసరం లేకుండా ఫోనులోనే ఉండి మరో యాప్ తెరను తాకాలంటే, యాక్సెసిబిలిటీ సర్వీసే దారి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 నుంచి అలాంటి సర్వీసు సంజ్ఞలను పంపగలదు. చూపు లేనివారికి, చేతులు ఆడనివారికి ఉపకరించాలని పెట్టిన ఏర్పాటు అది. అదే దారిని బ్యాంకు ఖాతాలు దోచుకునే హానికర యాప్‌లు కూడా పట్టుకున్నాయి, ఎందుకంటే తెర మీద ఉన్నది చదవగలిగి, తెరను తాకగలిగితే డబ్బు పంపే బొత్తాన్నీ తాకవచ్చు. అందుకే 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో, ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా తెచ్చి పెట్టుకున్న యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వకుండా మొదట అడ్డు తగిలే ఏర్పాటు చేశారు. మన పత్రాల్లో చాలా వాటిలో ఆ అడ్డును ఎలా తొలగించాలో పటాలతో సహా ఉంటుంది, ఎందుకు అడ్డు పెట్టారో ఒక్క వాక్యం ఉండదు, పని అయ్యాక అనుమతిని ఎలా వెనక్కి తీసుకోవాలో అసలు ఉండదు. ఇచ్చే దారి రాసినవాడు తీసుకునే దారి కూడా అదే పేజీలో రాయాలి. యూఎస్‌బీ డీబగ్గింగ్ విషయంలోనూ అంతే. కొన్ని కంపెనీల ఫోన్లలో డీబగ్గింగ్ మీటతో పాటు స్పర్శను పంపడానికి విడిగా మరో భద్రతా మీట కూడా ఉంటుంది. అది వేయకపోతే ఇంజెక్ట్ ఈవెంట్స్ అనుమతి లేదన్న తప్పు వస్తుంది. ఆ తప్పు సందేశాన్ని ఉన్నది ఉన్నట్టుగా పత్రంలో ఉంచండి, చదువరి వెతికేది దాన్నే. పటాల కోసం స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు ఖాళీ ఫోనులో, ఉత్తుత్తి ఖాతాతో తీయండి. పట్టాదారు పాస్ పుస్తకం నంబరు, ఆధార్ అంకెలు, ఓటీపీ సందేశం పైన తొంగి చూస్తున్న పటాలతో పత్రాలు తిరుగుతున్నాయి.

పనిముట్టు తాకే తాకిడి మనిషి తాకిడి కాదన్న సంగతి కూడా పత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ చెరువు గట్టు మీద శాంపిల్ తీసే మనిషిని చూడండి. ఒక చేతిలో వల, రెండో చేతి బొటనవేలు తడిగా ఉంది, ఆ తడి ఉప్పునీటిది. మన ఫోన్ల తెరలు వేలి వల్ల విద్యుత్ ధారకతలో వచ్చే మార్పును పసిగట్టి పనిచేస్తాయి. నీటి బొట్లు కూడా ఆ మార్పును కలిగిస్తాయి. అతను ఒకసారి నొక్కితే తెర రెండుసార్లు నొక్కినట్టు తీసుకోవచ్చు, లేదా అసలు తీసుకోకపోవచ్చు. అతను లుంగీ అంచుకు వేలు తుడుచుకుని మళ్లీ నొక్కుతాడు. అప్పుడు ఒకే శాంపిల్ రెండుసార్లు నమోదు కావచ్చు. ఇన్‌పుట్ ట్యాప్ ఎప్పుడూ పొడిగా, ఒకే బిందువు మీద, ఒకే ఒక్కసారి తాకుతుంది. ఆ పరీక్ష వేయిసార్లు నెగ్గినా గట్టు మీది ఇబ్బంది బయటపడదు. కనుక పత్రంలో “ఈ పరీక్ష ఏమి చూపదు” అని ఒక పేరా ఉండాలి: గాజు, తడి, వేలి వెడల్పు, ఎండలో కనపడని తెర, ఇవేవీ ఇందులో లేవని చెప్పాలి. వెంట వెంటనే రెండుసార్లు తాకిన స్థితిని కావాలని కల్పించే పరీక్షను కూడా చేర్చాలి. ఆ రెండో తాకిడికి యాప్ ఏమి చేయాలన్నది యాప్ రాసినవారితో మాట్లాడి తేల్చుకుని, ఆ సమాధానాన్నే ఆశించిన ఫలితంగా రాయాలి.

ఆశించిన ఫలితం అన్నాను కాబట్టి చెబుతున్నాను, ప్రతి అడుగుకూ అది వేరుగా ఉండాలి. “పై ఆదేశం ఇవ్వగానే తెర పైభాగంలో ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది, అందులో చెరువు సంఖ్య ఉంటుంది” అని రాయండి. “ఆదేశం విజయవంతంగా అమలు చేయబడుతుంది” అని రాయకండి. ఆ వాక్యంలో ఎవరు చేస్తారో లేదు, ఏమి కనిపిస్తుందో లేదు. ఆదేశం తాను ఓడినా నోరు విప్పదని ఇందాకే చూశాం కాబట్టి, అది చెప్పే విజయానికి విలువ కూడా లేదు.

భోజనం తరువాత ప్రయోగశాలలో చేసే పని చెప్పి ముగిస్తాను. మీరు ఇద్దరేసి జట్టుగా కూర్చోవాలి. ఒకరు తమ ఫోనులో ఉన్న ఏదైనా తెలుగు యాప్‌లో ఐదు అడుగుల పనికి పత్రం రాస్తారు. అందులో కనీసం ఒక తాకిడి, వ్యవధి చెప్పిన ఒక స్వైప్, తెలుగులో పాఠం ఎక్కించే ఒక అడుగు ఉండాలి. రెండోవారు ఆ పత్రాన్ని తమ సొంత ఫోనులో, రాసినవారిని ఒక్క మాట కూడా అడగకుండా, పైనుంచి కిందికి అమలు చేస్తారు. రాసినవారు పక్కనే కూర్చుని, ఎదుటివాడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ తల గోక్కున్నాడో కాగితం మీద రాసుకుంటారు, నోరు మాత్రం విప్పరు. తరువాత ఆ చోట్లనే తిరగరాస్తారు. ఇద్దరి ఫోన్లూ ఒకే మోడల్ అయితే జట్టు మార్చుకోండి. కేబుళ్లు తక్కువగా ఉన్నాయని నిర్వాహకులు చెప్పారు. ఆండ్రాయిడ్ 11, ఆ పై వెర్షన్లు ఉన్నవారు వైర్‌లెస్ డీబగ్గింగ్‌తో జత చేసుకోవచ్చు, కాకపోతే సాయంత్రం వెళ్లే ముందు దాన్ని ఆపివేయాలి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.